సున్నం బొట్టు పెట్టిన తాటిమొద్దులు

టీచరమ్మ గారు పోయారన్న కబురు నాకు కోత జరుగుతున్న తోటలో వచ్చింది. ఆగిరిపల్లి అవతల మేం గుత్తకి పట్టిన తోటలో ఆరోజు పొద్దున్నే కాయ కోయడం మొదలుపెట్టాం. ఫోన్ చేసింది కండక్టర్ గారు. ఆర్టీసీలో రిటైరైన మనిషి, మా నడక జట్టులో ఒకరు. "టీచరమ్మ గారు ఇక లేరండీ. నిద్రలోనే పోయారట" అన్నారు.

నేను నమ్మలేదు. "ఎవరు చెప్పారు? మీరు చూశారా?" అని అడిగాను. ఆయన నెమ్మదిగా, "చూసే చెబుతున్నానండీ. వాళ్లింటి దగ్గరే నిలబడి ఉన్నాను. వాళ్ల చెల్లెలు మీకు చెప్పమన్నారు" అన్నారు. అప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుని, కోసిన కాయల పక్కనే కింద కూర్చున్నాను. కూలివాళ్లు చెట్టు మీద నుంచి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

నాకు అనుమానం జాస్తి. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేనిక్కడ రాయబోయేది టీచరమ్మ గారి గురించి ఎంతో, ఆ అనుమానం గురించీ అంత. నా పని అలాంటిది. పూత మీద తోటలు పడతాను, అంటే చెట్ల పూత చూసి ఆ ఏటి కాపు గుత్తకి తీసుకుంటాను. రైతు చెట్టు నిండా పూతే అంటాడు, నేను కొమ్మ వంచి చూస్తాను. పురుగు లేదంటాడు, నేను ఆకు తిప్పి చూస్తాను. పోయినేడు కాపు ఇరగకాసిందంటాడు, నేను పక్క తోటవాణ్ని విడిగా అడుగుతాను. పాతికేళ్లు ఇదే పనిగా బతికాక ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందని మా ఆవిడ అన్నా, నాలిక మీద వేసుకుని చూసుకుంటే గాని అన్నంలో కలుపుకోను.

కానీ నిజం చెప్పాలంటే ఈ జబ్బు తోటలతో మొదలైంది కాదు. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా మా నూజివీడు బడికి కొత్తగా సోషల్ చెప్పడానికి ఆవిడ వచ్చారు. సన్నటి మనిషి, నలగని నేత చీర, చేతిలో నల్ల గొడుగు. మొదటి వారంలోనే బోర్డు మీద సముద్రం గీశారు. సముద్రం పక్కన నిటారుగా తెగినట్టున్న కొండ అంచు గీసి, దీన్ని భృగువు అంటారు, అలలు కొట్టీ కొట్టీ ఇలా కోస్తాయి అన్నారు. నేను లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగాను. క్లాసంతా బిగుసుకుపోయింది. అంతకుముందున్న సారైతే ఆ ప్రశ్నకి వీపు చిట్లగొట్టేవాడు.

ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "లేదురా. పుస్తకంలో ఉంది కాబట్టి చెబుతున్నాను. నువ్వు నమ్మకు. ఎప్పుడన్నా వెళ్లి చూసి రా. చూసొచ్చి నాక్కూడా చెప్పు" అన్నారు. నమ్మకు అని చెప్పిన టీచరు నాకు ఆవిడ ఒక్కరే. ఇంటికి వెళ్లాక, ఇలా అనడంలో ఏదో మతలబు ఉండి ఉంటుందని కూడా అనుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆవిణ్ని రోడ్డు మీద చూడటమే. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి చర్చి వెనక వీధిలో ఉండేవారు. ఎండైనా వానైనా గొడుగు, సంచిలో బట్ట చుట్టిన నీళ్ల సీసా, ఒక స్టీలు డబ్బాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఎదురైతే, "ఏరా, పూత ఎలా ఉంది?" అనేవారు. ఎవరడిగినా ఆ ప్రశ్నకి నేను సూటిగా జవాబు చెప్పను, ఆవిడకీ చెప్పేవాణ్ని కాదు. రిటైరయ్యాక కొందరిని పోగుచేసుకుని నెలనెలా సముద్రం ఒడ్డున నడకకి తీసుకెళ్తున్నారని విన్నాను. మామిడి తోటల మధ్య బతికేవాళ్లకి సముద్రంతో ఏం పని అని అప్పుడే నాకు తేడాగా అనిపించింది.

మూడు వేసవుల కిందట, కోతలు జోరుగా ఉన్న రోజుల్లో, ట్రాక్టర్ మీంచి జారిపడి నలిగిన కాయల మీద నా బండి జారింది. తొడ ఎముక విరిగింది. బెజవాడలో లోపల రాడ్డు వేశారు. ఎముక అతికింది గాని మోకాలు బిగుసుకుపోయింది. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడవాలి, లేకపోతే మోకాలు అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు అని డాక్టరు చెప్పాడు. ఆయన మాటా నేను పూర్తిగా నమ్మలేదు. మళ్లీ మళ్లీ పిలిపించుకోవడానికి అంటున్నాడేమో అనుకున్నాను.

నిజానికి భయం వేరే ఉంది. పూత వచ్చేనాటికి నడవలేకపోతే నా పని అయిపోయినట్టే. చెట్టు చెట్టుకీ తిరిగి చూసుకోలేనివాడు తోట పట్టలేడు. ఇంకొకణ్ని పంపి వాడి మాట నమ్మి పట్టడం నా వల్ల కాదు. నాకు వేరే పని చేతకాదు. ఇదంతా తెలిసి కూడా నేను వరండాలో కుర్చీలో కూర్చుండిపోయాను. అడుగు వేస్తే ఎడమ కాలు ఈడ్చుకు వస్తోంది. ముప్పై చెట్ల అవతల నుంచే నా నడక చూసి దారిచ్చిన రైతుల ముందు కాలు ఈడుస్తూ తిరగడానికి సిగ్గేసింది. మా ఆవిడ బతిమాలింది, కోప్పడింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. నేను కదల్లేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం టీచరమ్మ గారు గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. కాఫీ తాగారు. నా కాలు వంక చూడను కూడా చూడలేదు. "రెండో శనివారం బందరు అవతలికి వెళ్తున్నాం. ఐదారుగురం ఉంటాం. సముద్రం పక్కనే నడక, చివర్లో పాత కోట గోడలున్నాయి. సులువైన నడకే. వస్తావా?" అన్నారు. రానన్నాను. సరే అని లేచారు. మెట్లు దిగుతూ మా ఆవిడతో, నాకు వినపడేంత గట్టిగానే, "ఆ కోట పక్క నేల బాగుందే అమ్మాయ్. ఒక్కదాన్నే నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చాను" అన్నారు.

మా పనిలో ఒక తోటని ఒకసారి చూసినవాడు దారినపోయేవాడు. రెండోసారి వచ్చినవాడు బేరగాడు. ఇక నాలుగుసార్లు ఒంటరిగా వెళ్లిందంటే, ఆ మనిషి లోపల ఏదో ఖాయం చేసుకుంది. నడకా లేదు, సముద్రమూ లేదు, ఈవిడ అక్కడ నేల కొంటున్నారు, జనాన్ని తీసుకెళ్లి తిప్పితే ఆ చోటుకి గిరాకీ వస్తుందని ఈ ఎత్తు, అనుకున్నాను. "టీచరమ్మ గారు ఏదో బేరంలో ఉన్నారు" అని మా ఆవిడతో అన్నాను. "అయితే వెళ్లి చూసి రండి" అంది, గిన్నెలు సర్దుతూ. అప్పుడు దాని మొహం నాకు కనపడలేదు.

అలా వెళ్లాను. వ్యానులో ముందు సీటు నాకిచ్చారు. ఆ పల్లె పేరు ఇక్కడ రాయను. రాస్తే నెల తిరక్కుండా అక్కడ ప్లాట్లు వేస్తారు. బూడిద రంగు ఇసుక, సరుగుడు తోపు, ఒక టీ బడ్డీ. అల కోసుకుపోయిన చోట ఛాతీ ఎత్తున మట్టిగట్టు నిలబడి ఉంది, అందులోంచి సరుగుడు వేళ్లు బయటికి వేలాడుతున్నాయి. టీచరమ్మ గారు గొడుగుతో చూపించి, "ఇదేరా మన భృగువు. కాస్త పొట్టిది" అన్నారు. మైలున్నర దూరంలో కోట. ఎప్పుడో తెల్లవాళ్లు సరుకు దాచుకోవడానికి కట్టుకున్నారట. ఇప్పుడు మిగిలింది రెండు గోడలు, తలుపుల్లేని ఒక గుమ్మం.

నడక మొదలైన కాసేపటికే నా కాలు మొరాయించింది. సరిగ్గా అక్కడ ఒక తాటిమొద్దు అడ్డంగా పడి ఉంది. కూర్చున్నాను. కూర్చున్నాక చూస్తే మొద్దు చివర సున్నం బొట్టు. తలెత్తి చూస్తే అవతల ఇంకో మొద్దు, దానికీ బొట్టు. ఆ పైన ఇంకోటి.

మా దగ్గర తోట బేరం కుదరగానే హద్దు చెట్లకి సున్నం బొట్టు పెడతాం. బొట్టు ఉన్న చెట్టు జోలికి ఇంకొకడు రాడు. నాకింకా సందేహం ఎందుకు ఉంటుంది? పైగా టీచరమ్మ గారి సంచిలోంచి నీళ్ల సీసా తీస్తున్నప్పుడు చిన్న సున్నం డబ్బీ నా కంటపడింది. ఆవిడకి ఆకూ వక్కా అలవాటు లేదు. తాంబూలం వేసుకోని మనిషి సున్నం డబ్బీ మోసుకు తిరగడం ఎందుకు?

ఆరోజు మూడో మొద్దు దాకా వెళ్లగలిగాను. ఆవిడ హద్దు మీద ఎక్కి కూర్చోవడంలో నాకో తృప్తి కూడా కలిగింది. మిగిలినవాళ్లు కోట దాకా వెళ్లొచ్చారు. ఆవిడ నన్ను రమ్మనలేదు, ఉండమనలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. టీ బడ్డీ ఆవిడ మాత్రం నా దాకా వచ్చి గ్లాసు చేతికిచ్చి, నా కాలు వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది. టీచరమ్మ గారు తిరిగొచ్చాక వాళ్లిద్దరూ బడ్డీ వెనక నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఈ టీ ఆవిడే దళారీ అని తేల్చుకున్నాను.

మరుసటి నెల ఎవరూ పిలవకుండానే తయారయ్యాను. ఈసారి మొద్దుకీ మొద్దుకీ మధ్య అడుగులు లెక్కపెట్టాను. నా అడుగు ఎంతుంటుందో నాకు తెలుసు, తోటల్లో దూరాలు నేను అడుగులతోనే కొలుస్తాను. మొదటి మొద్దు దాకా నూట ఇరవై. ఆ పై నెల వెళ్తే నూట అరవై. మొద్దులు జరిగాయి. మా వైపు హద్దురాయి జరిపినవాడితో సొంత అన్నదమ్ములు కూడా మాట్లాడరు. ఇంతటి పెద్దమనిషి, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, సముద్రం ఒడ్డున ఎవరిదో నేల కొంచెం కొంచెంగా కలిపేసుకుంటున్నారని నాకు ఒళ్లు మండింది.

మొత్తం ఎంత కలిపారో తెలియాలంటే చివరి మొద్దు దాకా కొలవాలి. లెక్క మధ్యలో కాలు ఆగిపోతే కొలత చెడుతుంది. అందుకని ఇంటి దగ్గర వీధి చివరి దాకా నడవడం మొదలుపెట్టాను. తర్వాత రైస్ మిల్లు దాకా. మా ఆవిడ పొద్దున్నే చెప్పులు గుమ్మం దగ్గర పెట్టేది.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. బస్టాండు దగ్గర టీ తాగుతూ ఇద్దరితో అన్నాను. టీచరమ్మ గారు సముద్రం పక్కన నేల తీసుకుని హద్దులు జరుపుతున్నారని, నడక పేరుతో జనాన్ని చూపించి రేటు పెంచుతున్నారని. ఇద్దరితోనే అన్నాను. మా ఊళ్లో ఇద్దరు చాలు. వారం తిరక్కుండా చర్చి దగ్గర ఆవిణ్ని అడిగారట. జట్టులో భార్యాభర్తలు ఒక జంట ఉండేవారు, వాళ్లు రావడం మానేశారు.

డిసెంబరు చివర్లో, చెట్లకి అక్కడక్కడా పూమొగ్గ కనపడుతున్నప్పుడు, నేను ఏటా పట్టే పాత తోటకే ఆవిడ వచ్చారు. నేను చెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాను.

"ఏరా, నేను భూమి కొంటున్నానన్నావట."

"అన్నాను టీచర్. హద్దులు జరపడం నా కళ్లతో చూశాను."

"ఎంత జరిగాయేంటి?"

నెలనెలా ఎన్ని అడుగులో ఒక్కటి కూడా తప్పిపోకుండా చెప్పాను.

"కూర్చున్న చోట నుంచే లెక్కపెట్టావా?"

"లేదండీ. ప్రతి మొద్దుకీ నడిచి లెక్కపెట్టాను."

ఆవిడ చెట్టు వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నారు. నవ్వు దాచుకున్నారో ఇంకేమిటో నాకు తెలియలేదు. మళ్లీ ఇటు తిరిగాక గొంతు మామూలుగానే ఉంది. "జరుపుతున్న మాట నిజమే. ఇంకా జరుపుతాను. నమ్మకపోతే వచ్చి చూడు" అన్నారు. గొడుగు విప్పుకుని నాలుగడుగులు వేసి ఆగారు. "ఆ ఇద్దరూ మానేశార్రా. దానికి మాత్రం బాధగా ఉంది" అన్నారు. అంతే, వెళ్లిపోయారు. తప్పు ఒప్పుకుంది కదా అని నేను సంబరపడ్డాను. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరిలో తోటలన్నీ నిండుగా పూశాయి. చేతికర్రతో మొదలుపెట్టి, నాలుగో రోజుకి కర్ర చెట్టుకి ఆనించి మర్చిపోయి, మా పాత తోట చెట్టు చెట్టుకీ తిరిగి చూసుకుని పట్టాను. నా పట్టుదల వల్లే కాలు దారికొచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. ఆ నెల సముద్రానికి వెళ్తే మొద్దులు లేవు. ఒక్కటీ లేదు. ఇసుక నున్నగా ఉంది.

అమ్మేశారు అనుకున్నాను. ఇంత గొడవా చేసి, చెప్పకుండా అమ్మేశారు. అడుగుదామంటే ఆవిడ చాలా ముందు నడుస్తున్నారు, నల్ల గొడుగు మాత్రం కనపడుతోంది. ఎప్పటిలాగే వెనక్కి చూడటం లేదు. నేను కోపంగా వెనకపడ్డాను. మట్టిగట్టు దాటాను, సరుగుడు తోపు దాటాను, కోట గుమ్మం దగ్గర అందుకున్నాను.

"అమ్మేశారా టీచర్?"

ఆవిడ నా మొహం చూశారు, తర్వాత నా కాళ్లు చూశారు, ఆ తర్వాత నేను వచ్చిన దారి వెంట చూపు పోనిచ్చారు. "అయిపోయిందిరా. ఇంక వాటితో పనిలేదు" అన్నారు. స్టీలు డబ్బా మూత తీసి వేరుశనక్కాయలు నా దోసిట్లో పోశారు. గుమ్మంలోంచి సముద్రం కనపడుతోంది. ఇద్దరం తొక్కలు ఒలుచుకుంటూ నిలబడ్డాం. నేనింకా కోపంగానే ఉన్నాను. కోట దాకా రావడం నాకదే మొదటిసారని, దారిలో ఎక్కడా కూర్చోలేదని, వ్యాను ఎక్కాక కండక్టర్ గారు అంటే గాని తెలియలేదు.

ఆ తర్వాత రెండేళ్లు వేరే వేరే ఒడ్ల వెంట నడిచాం, ఆ పల్లె వైపు మళ్లీ వెళ్లలేదు. ఆవిడకి ప్రతి నడకా సులువైన నడకే. వాన పట్టుకున్న రోజు, దారి తప్పి చిత్తడి నేలలో చెప్పులు పోగొట్టుకున్న రోజు కూడా సులువే అన్నారు. ఎవరైనా గొణిగితే, "నీళ్లు తాగు, తర్వాత మాట్లాడుదువు గాని" అనేవారు. మట్టిగట్టు దిగాల్సి వస్తే అంచు మీద కూర్చుని చిన్నపిల్లలా జారేవారు. నేను అన్నిటికీ వెళ్లాను, అన్నీ ఆనందంగానే నడిచాను. ఆ నేల ఎవరికి అమ్మారో ఎప్పటికైనా బయటపడుతుందని లోపల ఒక చెవి వేసే ఉంచాను.

కబురు తెలిసిన రోజు కోత ఆపించి వెళ్లాను. మర్నాడు సమాధుల తోటలో ప్రార్థన జరుగుతుండగా, గేటు పక్కన ఒకావిడ గుడ్డమూట పట్టుకుని నిలబడి ఉంది. పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. టీ బడ్డీ ఆవిడ. కబురు విని రెండు బస్సులు మారి వచ్చిందట. ఇంత దూరం ఊరికే ఎవరొస్తారు, నేల సంగతి తేల్చుకోవడానికే అయ్యుంటుంది అనుకుని, వినపడేంత దగ్గరకి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ కండక్టర్ గారిని అడుగుతోంది. "ఆ కాలు ఈడ్చే ఆయన వచ్చారాండీ?"

కండక్టర్ గారు నన్ను చూపించి ప్రార్థన దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ కిందికి చూసి, "ఇప్పుడు ఈడ్చట్లేదే" అంది. మూట విప్పి సున్నం డబ్బీ నా చేతిలో పెట్టింది. "పంతులమ్మ గారిదండీ. మా బడ్డీలో ఉండిపోయింది. ఎవరికివ్వాలో తెలవక మీకు తెచ్చాను."

"ఆ నేల ఇప్పుడు ఎవరి పేర ఉంది?" అన్నాను. శవపెట్టె ఇంకా మట్టిలోకి దిగకముందే నేనడిగిన మొదటి మాట అదే.

"ఏ నేలండీ?"

"మొద్దులు వేసి హద్దులు పెట్టిన నేల."

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. గాలివానకి పడిపోయిన తాటిచెట్లని కోయించిన మొద్దులట అవి. మేం వెళ్లే ముందు రోజు టీచరమ్మ గారు ఒక్కరే బస్సులో వచ్చేవారట. ఇద్దరూ కలిసి మొద్దులు దొర్లించేవారట. "ఎక్కడ పెట్టాలో తెలవడానికి ఆవిడే ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచి చూసేవారండీ. అంత పెద్దావిడ, చీర కుచ్చిళ్లు తడిసిపోతా. ఏంటమ్మా ఇదంటే, మా వాడికి ఎక్కడ ఊపిరి ఆడదో చూస్తన్నా అనేవారు. ఆడ సున్నం బొట్టు పెట్టేవారు. పై నెలకి కొంచెం ముందుకి జరిపేవాళ్లం."

"నాతో చెప్పొచ్చు కదా" అన్నాను.

"నేనూ అదే అన్నానండీ. నీ మేలు కోసమంటే వాడు గడప దాటడు, అనుమానం వచ్చిందంటే మాత్రం చూసి రావడానికి ఎంత దూరమైనా వస్తాడు, ఎనిమిదో క్లాసు నుంచీ ఎరుగుదును వాణ్ని అనేవారు. మీరు భూమి సంగతి ఊళ్లో చెప్పారంటగా, అదీ చెప్పి నవ్వేవారు." ఆవిడ ఖాళీ మూటగుడ్డ మడతపెట్టింది. "ఒకసారి మాత్రం నవ్వలేదండీ."

నేను ఏడ్చాను. నలభై మంది చూస్తుండగా, డబ్బీ గుప్పిట్లో పట్టుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చాను. తర్వాత అందరితో పాటు సమాధి దాకా నడిచి వెళ్లి పిడికెడు మట్టి వేశాను. క్షమించమని అడగడానికి రెండేళ్లు టైముంది నాకు. పక్క పక్కనే నడిచాం. అడగలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. టీచరమ్మ గారు సముద్రం పక్కన ఒక్క సెంటు నేల కొనలేదు, ఒక్క హద్దు జరపలేదు. ఆ మాట పుట్టించింది నేను. నా కాలు నడిచేలా చేసింది ఆవిడ. బస్టాండులో ఆ ఇద్దరికీ చెప్పాను. జట్టు మానేసిన భార్యాభర్తల ఇంటికీ వెళ్లి చెప్పాను. ఆయన, "ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ?" అన్నాడు. ఆవిడ మాత్రం, "వచ్చే రెండో శనివారం వ్యాను ఎన్నింటికి?" అని అడిగింది. మా ఆవిడనీ అడిగాను, ఇదంతా నీకు ముందే తెలుసా అని. "నాకేం తెలుసు?" అంది, పొయ్యి వైపు తిరిగి. దాని మాట నేను నమ్మడం లేదు.

కోతలు అయిపోయాయి. ఈమధ్య కండక్టర్ గారికి మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఇంక నా వల్ల కాదండీ, మీరు వెళ్లిరండి అన్నారు. నేను బతిమాలలేదు. టీచరమ్మ గారు ఆ మొద్దులు ఎందుకు వేశారో ఆయనకి నేనింకా చెప్పలేదు. ఆయన వింటుండగా వాళ్లావిడతో, ఆ కోట వైపు ఒక్కణ్నే రెండుసార్లు వెళ్లొచ్చాను, అక్కడ ఒక సంగతుంది అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఒక్కణ్నే బస్సులో వెళ్లాను. బడ్డీ వెనక మొద్దులు అలాగే ఉన్నాయి. రెండు మోకాళ్లూ వంచకుండా, కండక్టర్ గారిలాగా బిగదీసుకుని నడిచి చూశాను. టీ ఆవిడ కెటిల్ పక్కన నిలబడి చూస్తూ ఉంది. ఊపిరి ఆడని చోట ఆగాను. అక్కడికి మొద్దు దొర్లించి, డబ్బీలో గట్టిపడిన సున్నం నీళ్లతో మెత్తబరిచి వేలితో బొట్టు పెట్టాను.

శనివారం ఆయన వచ్చారు. సరిగ్గా అక్కడే ఆగి కూర్చున్నారు. బొట్టు వేలితో తడిమి చూశారు, వేలు వాసన చూశారు, అవతల ఉన్న రెండో మొద్దు చూశారు, తర్వాత నన్ను చూశారు.

"ఏంటండీ ఈ గుర్తులు? ఇక్కడేమన్నా తీసుకుంటున్నారా మీరు?"

"సులువైన నడకేనండీ" అని నేను ముందుకి సాగిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి నా వెనక ఇసుకలో చెప్పుల చప్పుడు, దాంతో పాటు కండక్టర్ గారు నోట్లోనే ఒకటీ రెండూ మూడూ అని అడుగులు లెక్కపెట్టుకోవడం వినపడ్డాయి.